రొమ్ము కాన్సరును గుర్తుపట్టిన ప్రతిరక్షకము

వైద్యశాస్త్ర చరిత్రలో పేర్లు అనేక పర్యాయములు మనుష్యులను తప్పుదారి పట్టించినవి. ఒకప్పుడు జ్వరమనగా ఒకే వ్యాధి అని తలచెడివారు. మలేరియా వేరు, టైఫాయిడ్ వేరు అని తెలిసిన పిమ్మటనే దేనికి తగిన మందు దానికి దొరకినది. రొమ్ము కాన్సరు కథయు ఇట్టిదే. చేతికి తగులు గడ్డ ఒకే రీతిగా ఉన్నను, దానిని పెంచు కారణము అందరు స్త్రీలలోను ఒకటి కాదు. ఈ కాన్సరులలో మిక్కిలి వేగముగా వ్యాపించు ఒక తెగను శాస్త్రజ్ఞులు 1980 తరువాత వేరుపరచిరి. దాని వేగమునకు మూలమైన ప్రోటీనునే గురిగా పెట్టుకొని ఒక మందును తయారుచేసిరి. దాని పేరు ట్రాస్టుజుమాబ్. 1998 సెప్టెంబరు 25 న అమెరికా ప్రభుత్వపు ఔషధ నియంత్రణ సంస్థ దానికి అనుమతి నిచ్చెను.

ఈ మందు ఒక్కరి ఊహలో పుట్టినది కాదు. రక్తములోని రక్షక పదార్థములను పరిశోధించినవారు కొందరు. శరీరము ఎట్లు పెరుగునని అడిగినవారు కొందరు. కాన్సరును కలిగించు జన్యువులను వెదకినవారు మరికొందరు. ఈ మూడు దారులు కలిసిన చోట ఇది పుట్టినది.

కత్తి చాలని చోట

పందొమ్మిదవ శతాబ్దము చివర రొమ్ము కాన్సరునకు కత్తి తప్ప వేరు చికిత్స లేదు. అమెరికాలోని బాల్టిమోరు నగరములో విలియం హాల్‌స్టెడ్ అను శస్త్రవైద్యుడు రొమ్మును, దాని క్రింది కండరములను, చంకలోని గ్రంథులను కలిపి తొలగించు పద్ధతిని ప్రచారములోనికి తెచ్చెను. వ్యాధి అప్పటికే శరీరములో ఇతర భాగములకు ప్రాకియున్నచో, ఎంత లోతుగా కోసినను ప్రయోజనము కలుగలేదు.

ఈ కాలముననే స్కాట్లండులోని గ్లాస్గో నగరములో జార్జ్ బీట్సన్ అను వైద్యుడు వేరొక ప్రయత్నము చేసెను. ముదిరిన రొమ్ము కాన్సరు గల ఒక యువతికి అతడు 1895 లో అండాశయములను తొలగించెను. కంతిని ముట్టకయే అది కరగిపోయెను. 1896 లో అతడు ఈ ఫలితమును ప్రకటించెను. అండాశయములలో స్త్రీ హార్మోనులు పుట్టునను విషయము అప్పటికి ఎవరికిని తెలియదు. అయినను ఈ శస్త్రచికిత్స ఒక గొప్ప సత్యమును సూచించినది. కాన్సరు కణము తనంతట తానే పెరుగుచున్నట్లు కనిపించినను, కొన్ని సందర్భములలో అది శరీరము నుండి వచ్చు ఆజ్ఞలపై ఆధారపడియుండును. ఆ ఆజ్ఞను ఆపినచో కంతియు ఆగును. కాని బీట్సన్ పద్ధతి అందరికి పనిచేయలేదు. ఏ స్త్రీకి పనిచేయును, ఏ స్త్రీకి పనిచేయదు అని ముందుగా చెప్పు సాధనమును లేకపోయెను.

రామబాణము కొరకు అన్వేషణ

1890 లో బెర్లిన్ నగరమున ఎమిల్ ఫాన్ బేరింగ్, జపాను దేశీయుడైన కిటసాటో అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక వింతను గమనించిరి. ధనుర్వాతపు విషమునకు అలవాటు చేయబడిన జంతువు యొక్క రక్తరసమును మరియొక జంతువునకు ఎక్కించినచో, ఆ రెండవ జంతువునకును రక్షణ కలుగుచుండెను. రక్తములోని ఈ రక్షక పదార్థములనే ప్రతిరక్షకములు అందురు. ఇవి ప్రోటీనులు. ఒక్కొక్కటి రెండు చేతులు, ఒక తోక గల కొమ్మ ఆకారములో ఉండును. చేతుల కొనలు తమకు సరిపోయిన ఒకే ఆకృతిని పట్టుకొనును. తోక రక్షక కణములను పిలుచును. తాళమునకు తాళపుచెవి ఎట్లో, ఆ ఆకృతికి ప్రతిరక్షకము అట్లు.

ఈ గురిని చూచి జర్మను శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిక్ ఒక ఆశను వెలిబుచ్చెను. శరీరమునకు హాని చేయక, వ్యాధికారకమును మాత్రమే వెదకి కొట్టు మందు ఉండవలెనని అతడు తలచెను. అట్టి మందునే మనము రామబాణమందుము. కాని ప్రతిరక్షకములతో అట్టి మందును చేయుటకు పెద్ద అడ్డంకి ఉండెను. ఒక జంతువు రక్తములో ప్రతిరక్షకములు వేల రకములుగా కలిసియుండును. అందు మనకు కావలసిన ఒక్క రకమును తగినంత మొత్తములో వేరుచేయుట అసాధ్యముగా ఉండెను.

ఈ చిక్కును విప్పినవారు ఇంగ్లండులోని కేంబ్రిడ్జి అణుజీవశాస్త్ర ప్రయోగశాలలో పనిచేసిన సీజర్ మిల్‌స్టైన్, జార్జెస్ కోలర్. మిల్‌స్టైన్ అర్జెంటీనా దేశములో పుట్టినవాడు. కోలర్ జర్మను యువకుడు. ప్రతిరక్షకమును తయారుచేయు కణము ఒక్కొక్కటి ఒక్కొక్క రకమునే తయారుచేయును. కాని దానిని శరీరము నుండి వెలికి తీసి గాజుపాత్రలో ఉంచినచో కొద్ది దినములలో చనిపోవును. దీనికి భిన్నముగా, మజ్జలో పుట్టు ఒక కాన్సరు కణము గాజుపాత్రలో అంతులేకుండ వృద్ధిచెందును. ఈ రెండింటిని కలిపి ఒకే కణముగా చేసినచో? వారు చిట్టెలుకకు గొఱ్ఱె యొక్క ఎఱ్ఱ రక్తకణములను ఎక్కించి, దాని ప్లీహములోని కణములను కాన్సరు కణములతో జోడించిరి. పుట్టిన సంకర కణము ఒక తల్లి నుండి ప్రతిరక్షకమును చేయు విద్యను, మరియొక తల్లి నుండి చావులేని తనమును పొందెను. ఇట్లు ఒకే కణము సంతతి నుండి వచ్చు ఒకే రకపు ప్రతిరక్షకమునకు మోనోక్లోనల్ ప్రతిరక్షకమని పేరు. 1975 ఆగస్టులో వారి వ్యాసము ‘నేచర్’ పత్రికలో వెలువడెను. 1984 లో వారికి, నీల్స్ జెర్నెకు కలిపి నోబెల్ బహుమానము లభించెను.

ఈ ప్రయోగములో ఆంధ్రులు గుర్తుంచుకొనదగిన విషయమొకటి కలదు. జోడించిన తరువాత పాత్రలో సంకర కణములతో పాటు, జతపడని కాన్సరు కణములును మిగిలియుండును. వానిని ఏరివేయుటకు పాత్రలో అమైనోప్టెరిన్ అను రసాయనమును కలుపుదురు. ఇది డి.ఎన్.ఏ. తయారగు ముఖ్యమార్గమును మూసివేయును. ప్రయోగమునకు ఎన్నుకొన్న కాన్సరు కణములలో రెండవ మార్గమునకు కావలసిన ఎంజైము ఉండదు కనుక అవి చనిపోవును. ప్లీహకణము నుండి ఆ ఎంజైమును పొందిన సంకర కణములు మాత్రము బ్రతుకును. ఈ అమైనోప్టెరిన్ అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో, 1895 లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున తయారైనది. 1948 లో బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త కాన్సరును దీనితో తాత్కాలికముగా లొంగదీసినట్లు ప్రకటించెను. అదే సంవత్సరము సుబ్బారావు మరణించెను.

పెరుగుమను పిలుపు

రెండవ దారి చిట్టెలుక పిల్లల కనురెప్పల వద్ద మొదలైనది. అమెరికా శాస్త్రజ్ఞుడు స్టాన్లీ కోహెన్ చిట్టెలుక లాలాజల గ్రంథుల సారమును అప్పుడే పుట్టిన పిల్లలకు ఎక్కించి చూచెను. సాధారణముగా రెండు వారములకు తెరచుకొను కనురెప్పలు ఒక వారమునకే తెరచుకొనెను. సారములో చర్మకణములను పెరుగుమని ప్రేరేపించు ప్రోటీను ఉన్నదని అతడు గుర్తించి, దానిని వేరుచేసెను. ఇట్టి ప్రోటీనులకు వృద్ధి కారకములని పేరు. 1986 లో కోహెన్‌కును, నాడీకణముల వృద్ధి కారకమును కనుగొనిన రీటా లెవి-మోంటాల్చినీకిని నోబెల్ బహుమానము వచ్చెను.

వృద్ధి కారకము కణము లోపలికి పోయి పనిచేయదు. కణపు పొరమీద దానికి తగిన గ్రాహకము ఉండును. గ్రాహకము యొక్క ఒక భాగము పొర వెలుపల, మరియొక భాగము పొర లోపల ఉండును. ఇంటి తలుపునకు వెలుపల మీటయు, లోపల గంటయు ఉన్నట్లు ఇది పనిచేయును. వెలుపల కారకము తగులగానే రెండు గ్రాహకములు జతగూడి, లోపలి భాగములు పనికి దిగి, ఒక వార్తను కణకేంద్రమునకు చేరవేయును. ‘విభజన చెందుము’ అనునదే ఆ వార్త. గాయము మానుటకు, బిడ్డ పెరుగుటకు ఈ పిలుపు కావలెను. పిలుపు ఆగకుండ మ్రోగుచున్నచో అదే కాన్సరు.

ఎలుక కంతి నుండి మానవ జన్యువునకు

మూడవ దారి అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో రాబర్ట్ వైన్‌బర్గ్ ప్రయోగశాల నుండి బయలుదేరినది. రసాయనముచే ఎలుకలలో కలిగించిన నాడీ కంతుల నుండి డి.ఎన్.ఏ. ను తీసి మామూలు కణములలో ప్రవేశపెట్టగా అవి కాన్సరు కణములుగా మారెను. 1981 లో వెలువడిన ఈ పరిశోధనలోను, ఆ జన్యువు చేయు ప్రోటీనును 1982 లో గుర్తించిన పరిశోధనలోను భారతీయుడైన లక్ష్మీ చరణ్ పాఢీ ముఖ్యపాత్ర వహించెను. ఆ జన్యువునకు ‘న్యూ’ అను పేరు పెట్టిరి. దాని ప్రోటీను కణపు పొరమీదనే ఉండుట విశేషము. పొరమీద ఉన్నదనగా రక్తములో తిరుగు ప్రతిరక్షకమునకు అందుబాటులో ఉన్నదని అర్థము.

ఈ అర్థమును గ్రహించి, 1985 లో జెఫ్రీ డ్రెబిన్, మార్క్ గ్రీన్ మొదలగువారు ఆ ప్రోటీనును పట్టుకొను మోనోక్లోనల్ ప్రతిరక్షకములను కాన్సరుగా మారిన కణములపై ప్రయోగించిరి. పొరమీది ప్రోటీను తగ్గిపోయి, కణములు సాధుస్వభావమును తిరిగి పొందెను.

ఆ కాలముననే కాలిఫోర్నియాలోని జెనెన్‌టెక్ సంస్థలో ఆక్సెల్ ఉల్రిఖ్ బృందము కోహెన్ కారకమునకు చెందిన గ్రాహకపు జన్యువును చదివెను. 1985 లో దానిని పోలిన మరియొక మానవ జన్యువును కనుగొని, దానికి హెర్-2 అని పేరిడిరి. మరి రెండు బృందములు కూడ ఆ సంవత్సరమే దీనిని వేరుగా కనుగొనినవి. ఎలుకలలోని న్యూ, మనుష్యులలోని హెర్-2 ఒకే జన్యువు యొక్క రెండు రూపములని తేలినది. మనుష్యులలో ఇది పదునేడవ క్రోమోసోముపై కలదు. జన్యువు దొరకినది గాని, అది ఏ కాన్సరునకు సంబంధించినదో తెలియలేదు.

189 కంతులు చెప్పిన సాక్ష్యము

లాస్ ఏంజిలిస్ నగరములోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వైద్యుడు డెనిస్ స్లామన్ అనేక రకముల కాన్సరు కంతులను భద్రపరచి, రోగుల వివరములతో సహా నిలువచేసియుండెను. ఉల్రిఖ్ వద్ద జన్యువు, స్లామన్ వద్ద కంతులు. ఇద్దరును కలిసి వెదకగా రొమ్ము కాన్సరులో జవాబు దొరకెను. 1987 జనవరిలో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించిన ఫలితము ఇది: పరీక్షించిన 189 రొమ్ము కంతులలో రమారమి నూటికి ముప్పదింటిలో హెర్-2 జన్యువు రెండింతల నుండి ఇరువదింతలకు పైగా పెరిగియుండెను. అట్టి స్త్రీలలో వ్యాధి త్వరగా తిరుగబెట్టుచుండెను. వారి ఆయుర్దాయము తక్కువగా ఉండెను. తరువాతి కాలపు విస్తృత పరీక్షలలో ఈ తెగ నూటికి పదునైదు నుండి ఇరువది వరకు ఉన్నట్లు తేలినది.

ఇక్కడ జన్యువు చెడిపోలేదు, ప్రతులు మితిమీరినవి. సామాన్య కణము మీద వేలలో ఉండవలసిన గ్రాహకములు ఈ కణముల మీద లక్షలలో ఉండును. పైగా హెర్-2 కు తనదైన వృద్ధి కారకము లేదు. అది ఎల్లప్పుడును జతగూడుటకు సిద్ధమైన భంగిమలో నుండునని 2003 లో దాని నిర్మాణమును పరిశీలించినవారు కనుగొనిరి. గ్రాహకములు క్రిక్కిరిసినచో ఎవరును మీట నొక్కకయే గంట మ్రోగును. రోగికి ఇది పెద్ద ఆపద. కాని ప్రతిరక్షకమునకు ఇదియే అవకాశము. ఏ లక్షణము ఈ కాన్సరునకు క్రౌర్యము నిచ్చెనో, ఆ లక్షణమే దానిని మంచి కణముల నుండి వేరుచేసి చూపు గుర్తు అయినది.

చిట్టెలుక ప్రోటీను మానవరూపము దాల్చుట

జెనెన్‌టెక్ శాస్త్రజ్ఞులు హెర్-2 ను పట్టుకొను చిట్టెలుక ప్రతిరక్షకమును తయారుచేసిరి. దాని పేరు 4డి5. గాజుపాత్రలో హెర్-2 అధికముగా గల కాన్సరు కణముల పెరుగుదలను అది ఆపెను. కాని దానిని స్త్రీలకు నేరుగా ఇచ్చుటకు వీలులేదు. చిట్టెలుక ప్రోటీనును మన శరీరము పరాయిదిగా గుర్తించి, దానిపైననే ప్రతిరక్షకములను పుట్టించును. రెండు మూడు మోతాదులలో మందు వ్యర్థమగును.

దీనికి ఉపాయము మరల కేంబ్రిడ్జి నుండియే వచ్చెను. 1986 లో గ్రెగొరీ వింటర్ బృందము, చిట్టెలుక ప్రతిరక్షకములో గురిని పట్టుకొను కొనలను మాత్రము తీసి, మానవ ప్రతిరక్షకమునకు అంటుకట్టు పద్ధతిని చూపెను. మామిడిలో కొమ్మను అంటుకట్టునట్లే ఇదియు. చెట్టు మనది, పండు వేరొకదానిది. జెనెన్‌టెక్‌లో పాల్ కార్టర్ మొదలగువారు ఈ పద్ధతిచే 4డి5 ను మార్చి, 1992 లో ఫలితమును ప్రకటించిరి. కొత్త ప్రతిరక్షకములో నూటికి తొంబదియైదు పాళ్ళు మానవ భాగమే. ఇదియే ట్రాస్టుజుమాబ్. చైనా హామ్‌స్టర్ అను చిన్న జంతువు యొక్క అండాశయ కణములను పెద్ద తొట్లలో పెంచి దీనిని ఉత్పత్తి చేయుదురు.

ముందు పరీక్ష, తరువాత మందు

చరిత్రలో ఈ మందునకు గల అసలు ప్రత్యేకత ఇక్కడ ఉన్నది. నూరుగురు రోగులను ఎంచుకొనక తీసికొని ఈ మందు ఇచ్చిరని అనుకొందము. అందు ఇరువదిమందికే హెర్-2 అధికముగా ఉండును. వారిలో సగము మందికి మేలు కలిగినను, నూటికి పదిమందికి మాత్రమే మేలైనట్లు లెక్క తేలును. ‘పనికిరాని మందు’ అని దానిని మూల పడవేసియుందురు. అందుచే కంతిని ముందుగా పరీక్షించి, హెర్-2 అధికముగా గల స్త్రీలనే ప్రయోగములోనికి తీసికొనిరి. బీట్సన్ కాలమున లేని సాధనము ఇదియే. 1998 లో మందుతో పాటు, కంతిలో హెర్-2 ను కొలుచు పరీక్షా సామగ్రికి కూడ అదే దినమున అనుమతి లభించుట గమనింపదగినది.

వ్యాధి ఇతర భాగములకు ప్రాకిన 469 మంది స్త్రీలపై జరిపిన ప్రధాన పరిశీలన 2001 లో ప్రకటింపబడెను. రసాయన చికిత్స మాత్రమే పొందినవారిలో వ్యాధి ముదురుటకు మధ్యస్థ కాలము 4.6 నెలలు, ట్రాస్టుజుమాబ్ కూడ పొందినవారిలో 7.4 నెలలు. జీవితకాలపు మధ్యస్థము 20.3 నెలల నుండి 25.1 నెలలకు పెరిగెను. లాభము స్పష్టమే గాని, అది పూర్తి నివారణ కాదు. పైగా ఒక హెచ్చరికయు వెలువడెను. ఆంత్రాసైక్లిన్ అను తరగతి మందులతో కలిపి ఇచ్చినప్పుడు నూటికి 27 మందిలో గుండె పనితీరు దెబ్బతినెను. హెర్-2 గుండె కణములకును అవసరమైన గ్రాహకమే. గురి ఎంత సూటిదైనను, ఆ గురి మంచి కణములలో కొద్దిగా నైనను ఉన్నచో బాణము అక్కడను తగులును. అప్పటి నుండి ఈ చికిత్సలో గుండెను తరచుగా పరీక్షించుట నియమమైనది.

అసలు విజయము వ్యాధి ప్రాకక ముందే మందు ఇచ్చినప్పుడు కనబడెను. శస్త్రచికిత్స తరువాత ఒక సంవత్సరము పాటు ఈ మందు ఇచ్చిన పరిశీలనలు 2005 లో వెలువడినవి. వ్యాధి తిరుగబెట్టు ప్రమాదము రమారమి సగమునకు తగ్గెను. వానిలో అమెరికాలో జరిగిన రెండింటిని కలిపి 2014 లో లెక్కించగా, పది సంవత్సరముల పిమ్మట జీవించియున్నవారు నూటికి 75.2 నుండి 84 కు పెరిగిరి. ఒకనాడు మిక్కిలి భయంకరమని పేరుపడిన తెగ ఇట్లు చికిత్సకు లొంగు తెగగా మారెను.

బాణము వెంట బాణము

ట్రాస్టుజుమాబ్ హెర్-2 గ్రాహకమును పొరకు దగ్గరగా పట్టుకొని లోపలి వార్తను బలహీనపరచును. తన తోకతో రక్షక కణములను కూడ పిలుచును. కొన్ని కంతులు మాత్రము వేరు గ్రాహకములతో జతకట్టి తప్పించుకొనును. 2012 లో అనుమతి పొందిన పెర్టుజుమాబ్ అను రెండవ ప్రతిరక్షకము ఆ జతకట్టు చోటునే మూసివేయును. వ్యాధి ప్రాకిన స్త్రీలలో ట్రాస్టుజుమాబ్, రసాయన చికిత్సలకు దీనిని చేర్చగా జీవితకాలపు మధ్యస్థము 40.8 నెలల నుండి 56.5 నెలలకు పెరిగెను. 2013 లో ప్రతిరక్షకమునకు కణమును చంపు మందును తగిలించి లోపలికి పంపు పద్ధతికి అనుమతి లభించెను. ఇప్పుడు ప్రతిరక్షకము బాణమే గాక, విషమును మోయు బండియు అయినది. 2019 లో వచ్చిన ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ ఈ కోవలోనిదే. హెర్-2 కొద్దిగా మాత్రమే గల కంతులపై కూడ అది పనిచేయునని 2022 లో తెలిసినది.

శాస్త్రము చేరినను, మందు చేరవలెను

మిల్‌స్టైన్, కోలర్ కనుగొనిన పద్ధతికి పేటెంటు తీసికొనబడలేదు. ప్రపంచములోని ప్రయోగశాలలన్నియు దానిని స్వేచ్ఛగా వాడుకొనినవి. కాని దానిపై నిర్మింపబడిన మందులు మిక్కిలి ఖరీదైనవిగా వచ్చినవి. మన దేశములో అనేక కుటుంబములకు ఒక సంవత్సరపు చికిత్స అందని పండు అయినది. పరీక్షలో హెర్-2 ఉన్నదని తేలి, మందు ఉన్నదని తెలిసి, కొనలేకపోవుట రోగికి రెండింతల బాధ.

ఈ పరిస్థితి కొంత మారినది. 2013 లో స్విట్జర్లండు సంస్థ రోషె ఈ మందుపై భారతదేశములో తన పేటెంటును వదలుకొనెను. 2014 లో బెంగుళూరు సంస్థ బయోకాన్ దీనిని పోలిన మందును తక్కువ ధరకు విడుదల చేసెను. అమెరికా సంస్థ మైలాన్‌తో కలిసి తయారుచేసిన ఆ మందునకే 2017 డిసెంబరులో అమెరికాలో అనుమతి లభించెను. అక్కడ అనుమతి పొందిన ట్రాస్టుజుమాబ్ ప్రతిరూపములలో అదియే మొదటిది. ఇట్టి ప్రతిరూపములు చేయుటలో హైదరాబాదు అంతకు ముందే అనుభవము గడించినది. అచ్చటి డాక్టర్ రెడ్డీస్ సంస్థ 2007 లోనే రిటుక్సిమాబ్ అను మరియొక ప్రతిరక్షకమునకు ప్రతిరూపమును విడుదల చేసెను. 2015 లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ట్రాస్టుజుమాబ్‌ను అత్యవసర ఔషధముల పట్టికలో చేర్చెను.

కనురెప్పలు త్వరగా తెరచుకొనిన చిట్టెలుక పిల్లలను చూచినప్పుడు కోహెన్ కాన్సరు మందును వెదకలేదు. గొఱ్ఱె రక్తకణములతో పనిచేసినప్పుడు మిల్‌స్టైన్, కోలర్ రొమ్ము కాన్సరును తలచలేదు. ప్రకృతిని అడిగిన ప్రశ్న సరియైనదైనచో జవాబు ఏనాటికైనను ఉపయోగపడునని ఈ చరిత్ర చెప్పుచున్నది. దీని నుండి ప్రతి ఇంటివారును గ్రహింపవలసిన సంగతి మరియొకటి కలదు. రొమ్ములో కొత్త గడ్డ కనబడినప్పుడు సిగ్గుపడి దాచరాదు. వెంటనే వైద్యునికి చూపవలెను. కాన్సరని తేలినచో, అది ఏ తెగదియో పరీక్ష చేయించుకొనవలెను. తెగ తెలిసిన పిమ్మటనే సరియైన బాణమును ఎన్నుకొనుటకు వీలగును. అదియు ఎంత త్వరగా అయిన అంత మేలు.